ఆ పెద్ద ఏనుగుని తోలేయమనే అర్జీలో మేము ఎందుకు సంతకం పెట్టలేదంటే



పదిరోజులుగా మన గ్రూపులో ఒక అర్జీ తిరుగుతా ఉండాది. డెంకణికోట పక్క అడవి అంచు ఊర్లలో రాగి చేన్లు తొక్కే ఏనుగుల గుంపులో పెద్ద దంతాలది ఒకటి ఉండాది కదా, దాన్ని పట్టి దూరం అడవిలో వదలమని ఆ అర్జీ. నూరు సంతకాలు దాటినాయంట. మా ఇంట్లో మేము దాన్ని రెండుసార్లు చదివినాము. సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగినారు, ఒకాయన కొంచెం కోపంగానే అడిగినాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయినాము. అందుకే ఇక్కడ రాస్తా ఉండాము.

ముందే ఒక మాట. ఏనుగుల మీద ప్రేమతో, ఫోటోలు చూసి మురిసిపోయే పట్నం వాళ్ల మాట కాదు ఇది. పోయిన ఏడు రాగి కోతల్లో మా మల్బరీ తోటలోనే అవి నడిచిపోయినాయి. ఆకు తిన్నది తక్కువే. తొక్కింది ఎక్కువ. డ్రిప్పు పైపులు చీల్చి పోగులు పోగులుగా వేసినాయి. అప్పుడు షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచి రెండు రోజులు. ఆ దశలో పురుగుకి ఎంత మేత కావాలో మీకు మేము చెప్పేదేముంది. పక్క ఊరికి పోయి కొమ్మ కొనుక్కొచ్చి వేసినాము. పంట నిలబడింది కానీ మిగిలింది ఏమీ లేదు. ఆ రాత్రి మా వీధిలో ఒక్కరు కూడా నిద్రపోలేదు. కాబట్టి అర్జీ రాసినవాళ్ల బాధ మాకు తెలుసు. బాధ మీద మాకు తగువు లేదు, మందు మీదనే తగువు.

మనము పురుగు పెట్టేవాళ్లము కాబట్టి మనకి ఒక అలవాటు పడిపోయింది. పురుగు అంటే ఎప్పుడూ ఒకటే రకం. చిలక గుడ్లు పెడుతుంది, నోట్లో ఏమీ పెట్టుకోదు, కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. తల్లి ముఖం పిల్ల చూడదు, పిల్ల ముఖం తల్లి చూడదు. ఆకు కొరకడం, నాలుగుసార్లు జ్వరానికి పడుకోవడం, తల ఎత్తి ఊపుతా గూడు కట్టడం, అంతా గుడ్డులోనే రాసి పెట్టి వస్తుంది. ఒకరు నేర్పేది లేదు. అందుకే మన తాతల కాలం పురుగు ఎట్లా గూడు కట్టిందో ఇప్పుడు మన చంద్రికలో పురుగు కూడా అట్లనే కడుతుంది. రోగం వచ్చిన పురుగుని ఏరి పారేస్తే మిగతాది బాగుపడుతుంది. ఈ లెక్కనే మనము ఏనుగు మీద, కోతి మీద, కాకి మీద కూడా వేస్తా ఉండాము. చెడ్డదాన్ని ఒకదాన్ని ఏరి పారేస్తే చాలు అని.

అక్కడే లెక్క తప్పుతా ఉండాది. వాటి చదువు గుడ్డులో రాదు. పక్కదాన్ని చూసి వస్తుంది.

మా పాప హోసూరులో డిగ్రీ చదువుతా ఉండాది. సైన్సు. మేము పదో తరగతితో నిలిపినవాళ్లము, ఇంగ్లీషులో ఉండేవి అది చదివి మాకు తెలుగులో చెప్తుంది. అది చెప్పినవాటిలో మాకు బాగా పట్టుకున్నది ఇంగ్లండు దేశంలో ఒక పిట్ట కథ. కథ అంటే కథ కాదు, జరిగినదే.

ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అనే అడవి ఉండాది. అక్కడ మన పిచుకంత పిట్టలు, గ్రేట్ టిట్ అంటారు, వేలాదిగా ఉంటాయి. లూసీ ఆప్లిన్ అనే ఆమె, ఆమెతో పనిచేసేవాళ్లు ఒక పెట్టె చేసినారు. పెట్టె లోపల పురుగులు (చూడండి, అక్కడా పురుగులే). మధ్యలో జరిపే తలుపు. దాన్ని ఎడమకి తోసినా పురుగు దొరుకుతుంది, కుడికి తోసినా దొరుకుతుంది. ఒక పక్క నీలం రంగు, ఇంకో పక్క ఎరుపు. అడవిలో ఒక్కో తావు నుంచి రెండే రెండు పిట్టలని పట్టి, ఒక తావు పిట్టలకి నీలం పక్కనుంచి తెరవడం, ఇంకో తావు పిట్టలకి ఎరుపు పక్కనుంచి తెరవడం నేర్పి వదిలినారు. ఇరవై రోజుల్లో ఆ తావుల్లో నూటికి 75 పిట్టలు పెట్టె తెరవడం నేర్చుకున్నాయి. నేర్పింది రెండింటికే. ఇంకా వింత ఏమంటే, రెండు దోవలూ సమానమని తెలిసిన పిట్ట కూడా తన చుట్టూ ఎక్కువ పిట్టలు ఏ పక్క తోస్తా ఉంటే ఆ పక్కే తోసింది. ఒక తావు నుంచి ఇంకో తావుకి వలస పోయిన పిట్ట పాత దోవ వదిలేసి ఆ ఊరి దోవ పట్టుకుంది. మరుసటి చలికాలానికి ముందున్న పిట్టల్లో చాలా చచ్చిపోయినాయి, కొత్తవి వచ్చినాయి. అయినా నీలం తావులో నీలమే, ఎరుపు తావులో ఎరుపే. ఇది 2015లో అచ్చయింది.

ఇది విన్నాక మా ఇంటాయన నవ్వినాడు. "మన కొమ్మ మేపు కూడా ఇట్లనే కదా వచ్చింది" అన్నాడు. నిజమే. మా మామ తట్టలు పేర్చి, ఆకు తుంచి, రోజుకి నాలుగైదు సార్లు మేపినాడు. కొమ్మతో మేపొచ్చని ఆఫీసు వాళ్లు ఎన్నిసార్లు మీటింగు పెట్టినా మా ఊర్లో ఒకరు కూడా కదల్లేదు. పక్క వీధిలో ఒకాయన షెడ్డు కట్టి కొమ్మలు పరిచి, ఇద్దరు మనుషుల పని ఒక మనిషితో చేసినాడు. రెండు పంటలు చూసినాము. మూడో పంటకి మా వీధి వీధంతా కొమ్మలే. మనమూ ఎక్కువమంది ఏది తోస్తే అదే తోస్తాము. మంచిదైనా అంతే, చెడ్డదైనా అంతే.

ఇప్పుడు ఆ పిట్టల సంగతి అర్జీకి ఎట్లా తగులుతుందో చూడండి. నేర్పిన ఆ రెండు పిట్టలని ఇరవై రోజుల తర్వాత పట్టుకుపోయి ఉంటే పెట్టెలు తెరవడం ఆగి ఉండేదా? ఆగేది కాదు. విద్య అప్పటికే అడవికి అందింది. మన పెద్ద ఏనుగు రాగి రుచి చిన్నవాటికి చూపించింది అనేది నిజమే అనుకుందాము. చూపించి ఎన్నేళ్లయింది? దాని వెనక వచ్చే కుర్ర ఏనుగులకి ఏ చేను ఎక్కడుందో, ఏ తోటకి కుక్క లేదో, ఏ కాలవ దాటితే రోడ్డు తగులుతుందో అన్నీ తెలుసు. గురువుని లారీ ఎక్కిస్తే శిష్యులు చదువు మరిచిపోతారా?

మన ఏనుగుల మీదే బెంగళూరు వాళ్లు చేసిన పని ఒకటి ఉండాది. చాలామందికి తెలియదు. నిశాంత్ శ్రీనివాసయ్య అనే ఆయన, ఆయనతో రామన్ సుకుమార్, అనింద్య సిన్హా లాంటి పెద్దవాళ్లు కలిసి దక్షిణ కర్ణాటక, హోసూరు, కృష్ణగిరి పక్కలలో తిరిగే మగ ఏనుగుల ఫోటోలు తీసి, చెవి చిరుగు, దంతం వంపు చూసి ఒక్కోదాన్ని గుర్తు పట్టినారు. 23 నెలల్లో 1,445 ఫోటోలు, 248 మగ ఏనుగులు. 2019లో దాన్ని అచ్చు వేసినారు. మామూలుగా మగ ఏనుగు వయసుకొచ్చినాక తల్లి గుంపు వదిలి ఒంటరిగా తిరుగుతుంది, లేకపోతే ఆడవాటి గుంపులో కొన్నాళ్లు కలుస్తుంది. అడవి లోపల ఇప్పటికీ అట్లనే ఉండాయి. అడవి బయట, మన చేన్ల మధ్య, చెరువు కట్టల పక్క మాత్రం మగవే గుంపు కట్టి, ఏళ్ల తరబడి ఆ గుంపు విడవకుండా తిరుగుతా ఉండాయి. ఇట్లాంటి పెద్ద మగ గుంపులు కొత్త నడత అని వాళ్లు రాసినారు. మనుషులు ఉండే చోట అపాయం ఎక్కువ, మేత బలం. ఆ రెండింటికీ తట్టుకోవడానికి అవి కట్టుకున్న ఏర్పాటు అది. గుంపులో తిరిగే కుర్ర ఏనుగులకి ఒళ్లు కూడా బాగా పట్టింది అని కూడా చూసినారు. మన రాగులు తిని.

248 ఏనుగులు. అందులో ఒకదాన్ని తోలేయమని మనము అర్జీ పెడతా ఉండాము.

సరే, ఒకటి తగ్గినా ఒకటే కదా, పోనీ అంటారు. అక్కడే మాకు భయం. పెద్దది పోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలో చూసినారు. పిలానెస్‌బర్గ్ అనే అడవికి, ఇంకో అడవిలో పెద్దవాటిని చంపేసినాక మిగిలిన పిల్ల ఏనుగులని తెచ్చి వదిలినారు. పెద్ద మగది ఒకటి కూడా లేకుండా ఆ కుర్రవి పెరిగినాయి. వయసు రాకముందే మదం పట్టింది, పట్టింది నెలల తరబడి దిగలేదు. 1992 నుంచి 1997 లోపల 40కి పైగా ఖడ్గమృగాలని అవి చంపేసినాయి. తర్వాత 1998లో ఆరు పెద్ద మగ ఏనుగులని తెచ్చి ఆ అడవిలో వదిలినారు. కుర్రవాటి మదం దిగింది, చంపడం ఆగింది. తోలేసింది ఒకటీ లేదు. పెద్దవాళ్లని తెచ్చి కూర్చోబెట్టినారు, అంతే.

అవి ఆఫ్రికా ఏనుగులు, మనవి వేరే జాతి. అక్కడ జరిగినది ఇక్కడ అచ్చు దించినట్టు జరుగుతుందని మేము ప్రమాణం చేయము. కానీ మన ఊరి మంచె మీద పడుకునే ముసలాయన ఎవరినైనా అడగండి. ఆ పెద్దది టార్చి వేస్తే నిలబడుతుంది, చూస్తుంది, తిరిగి పోతుంది. మీదికి ఉరికేవి, కేక వేస్తే బెదిరి ఇటూ అటూ పరిగెత్తేవి కుర్రవే. మా డ్రిప్పు పైపులు చీల్చింది కూడా అవే. పెద్దదాని అడుగు గట్టు మీదనే ఉండింది, పొద్దున మేము కొలిచి చూసినాము.

తోలేస్తే ఎక్కడికి తోలతారు, అది ఇంకో సంగతి. శ్రీలంకలో ఇట్లా గొడవ చేసే మగ ఏనుగులని పట్టి నేషనల్ పార్కుల్లో వదిలి, మెడకి రేడియో పట్టీ కట్టి వెంబడించినారు. 12 ఏనుగులు, 16 సార్లు తరలించినారు. 2012లో అచ్చయింది. రెండు ఆ పార్కుల్లోనే చంపబడినాయి. మిగతావి ఒక్కటి కూడా ఆ పార్కుల్లో నిలవలేదు. కొన్ని పట్టిన చోటికే నడిచి వచ్చినాయి. కొన్ని దారి తెలియక ఊరూరూ తిరిగినాయి. కొన్ని కొత్త చోట కాపురం పెట్టినాయి, అక్కడ రైతులకి కొత్త తలనొప్పి. గొడవ తగ్గలేదు, ఇంకా నాలుగు ఊర్లకి పాకింది. మన ఏనుగుని లారీలో ఎక్కించి పంపిస్తే అది దిగే చోట కూడా ఎవరో ఒక రైతు ఉంటాడు. తెలుగాయనో, కన్నడాయనో, తమిళాయనో. మన చేతి రాగి రుచిని ఆయన చేనుకి మనము పార్సిల్ కట్టినట్టు.

మేము కూడా తప్పులు చేసినాము, దాచేది లేదు. మూడేళ్ల కింద అందరూ టపాసులు కాలుస్తా ఉంటే మేమూ కాల్చినాము. మొదటి రాత్రి ఏనుగులు పారిపోయినాయి. నాలుగో రాత్రి చెవులు ఊపి నిలబడినాయి. ఆ నెల చివర టపాసు మోగిన పక్కకే వచ్చినాయి. ఎందుకంటే మోగేది కాపలా ఉండే చేనులో, కాపలా ఉండేది పండిన చేనుకే. మనమే చేను గుర్తు చెప్పినట్టు అయింది. సోలారు కంచె సంగతీ అంతే. దంతానికి కరెంటు కొట్టదు. దంతంతో తీగ లాగేస్తాయి, లేదంటే చెట్టు కొమ్మ విరిచి తీగ మీద వేసి దాటతాయి. ఒకటి చేసింది చూస్తే రెండోది చేస్తుంది. ఒక్కొక్కరు వాళ్ల వాళ్ల తోటకే కంచె వేసుకుని, గడ్డి పెరిగి తీగకి తగిలినా పట్టించుకోకుండా వదిలేస్తే, అది కంచె కాదు. ఏనుగులకి పెట్టిన ట్యూషన్.

ఏనుగు లేని ఊర్లవాళ్లు, చింతామణి, శిడ్లఘట్ట పక్కవాళ్లు, ఇది మాకు సంబంధం లేదు అనుకోవద్దు. మీకు కోతి ఉండాది. బండీపూరు అడవి అంచున మన కోతుల మీద కూడా అనింద్య సిన్హా, ఆయనతో పనిచేసేవాళ్లు చూసినారు. మనిషి చేతిలో తిండి ఉంటే కోతి "కూ" అని ఒక కూత కూసి, చెయ్యి చాపి, మనిషి కళ్లలోకి చూస్తా అడుగుతుంది. మనిషి అటు తిరిగి ఉంటే కాదు, ఇటు చూస్తా ఉంటేనే. దాన్ని కూడా 2018లో అచ్చు వేసినారు. అడుక్కోవడం ఆ కోతికి పుట్టుకతో వచ్చింది కాదు, రోడ్డు మీద బండ్లు ఆపి అరటిపండ్లు ఇచ్చినవాళ్లు నేర్పింది. గుడి దగ్గర శనివారం పుణ్యం కోసం మనము ఇచ్చే గెల ఆదివారం మన షెడ్డు పెంకుల మీద దూకుతుంది. పెంకు జరిగితే ఉజి ఈగ లోపలికి వచ్చే దోవ తెరుచుకుంటుంది. నెట్టు వేసి, డబ్బు పెట్టి, మందు చల్లి కాపాడుకున్నదంతా ఒక అరటిపండుతో పోతుంది. మా అత్త మాత్రం ఈ మాట ఒప్పుకోదు. ఆంజనేయస్వామికి పెట్టినట్టే అంటుంది. మేము ఆమెతో వాదించము. ఆమె పోయే దారిలో గెల కాకుండా పూలు చేతికిస్తాము.

కాకి గురించి దసలివాళ్లకి మేము చెప్పేది ఏముంది, మీరు చెట్టు కింద గులేరు పట్టుకుని నెలంతా కూర్చునేవాళ్లు. అయినా ఒకటి. అమెరికాలో సియాటిల్ ఊర్లో జాన్ మార్జ్‌లఫ్ అనే ఆయన 2006లో ఆదిమానవుడి ముఖం మాస్కు వేసుకుని ఏడు కాకులని పట్టి, గుర్తు కట్టి వదిలేసినాడు. ఆ తర్వాత ఆ మాస్కు వేసుకుని నడిస్తే చాలు, కాకులు చుట్టూ చేరి తిట్టేవి. వేరే ముఖం మాస్కు వేస్తే పట్టించుకోలేదు. ఏడింటినే పట్టినాడు కదా, తిట్టేది ఏడు కాదు. పట్టుబడని కాకులు, తర్వాత పుట్టిన కాకులు కూడా తల్లిదండ్రులని చూసి, పక్కవాటిని చూసి ఆ ముఖాన్ని నేర్చుకున్నాయి. ఏళ్లు గడిచే కొద్దీ తిట్టే కాకులు పెరిగినాయి. కాబట్టి రాయి విసిరేవాడు ఎవడో, కూర్చుని నిద్రపోయేవాడు ఎవడో మీ కాకులకి మీకంటే బాగా తెలుసు. కాపలా మనిషి మారినప్పుడు నష్టం ఎక్కువయింది అంటారు కదా మీరు, మాకు అందులో ఆశ్చర్యం లేదు.

మల్బరీ పురుగు పెట్టేవాళ్లకి ఇందులోనే ఇంకొక చిన్న సంగతి ఉండాది, పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఇంగ్లండులో 1921 నుంచి పిట్టలు ఇంటి గడప ముందు పెట్టిన పాల సీసా మూత చించి మీగడ తాగడం మొదలుపెట్టినాయి. ముప్పై ఏళ్లలో ఆ అలవాటు దేశమంతా పాకింది. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయి అని మొదట అందరూ అనుకున్నారు. తర్వాత చూసినవాళ్లు ఏమి చెప్పినారంటే, పక్క పిట్ట తెరుస్తా ఉండగా చూడాల్సిన పని కూడా లేదు, తెరిచి వదిలేసిన సీసా ఒకటి కనపడినా చాలు, పిట్టకి సంగతి తెలిసిపోతుంది. ఇప్పుడు మన షెడ్డు వెనక్కి పోయి చూడండి. జబ్బు పడిన పురుగులు, పడక చెత్త, పలచన గూళ్లు తట్టతో గోడ పక్కన కుమ్మరిస్తాము. పొద్దున కాకులు, గోరింకలు, వీధి కుక్కలు అక్కడే. ఆ కుప్పే తెరిచిన సీసా. ఆ రుచి మరిగినాకనే ఎండకి పెట్టిన చంద్రిక మీదికి వస్తాయి. పాలరోగం పాకకుండా చెత్త కాల్చాలి, గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి అని మనకి ఎన్నో ఏళ్లుగా చెప్తానే ఉండారు. ఎంతమంది చేస్తా ఉండాము? మా ఇంట్లో ఈ ఏడే మొదలుపెట్టినాము. అంతకుముందు లేదు.

కాబట్టి అర్జీ వద్దు అని మేము అనడం లేదు. ఆ అర్జీ వద్దు. వేరేది రాద్దాము. తొక్కిన పంటకి పరిహారం ఆరు నెలలు, ఏడాది కాకుండా ఆ పంటకాలం లోపలే రావాలి అని రాద్దాము. పరిహారంలో రాగి, అరటి లెక్క చూసినట్టే మల్బరీ ఆకు, డ్రిప్పు పైపుల నష్టం కూడా చూడాలి అని రాద్దాము. కంచె ఒక్కో తోటకి కాదు, ఊరు మొత్తానికి ఒకటే వరసలో వేసి, గడ్డి కోసి బ్యాటరీ చూసుకునే మనిషికి జీతం పంచాయతీ నుంచి ఇవ్వాలి అని రాద్దాము. ఏనుగులు రోడ్డు దాటినాయని సాయంత్రం ఫోన్లకి కబురు వచ్చే ఏర్పాటు అడుగుదాము. ఆ కబురు రాగానే మోటారు సైకిళ్లు వేసుకుని వీడియో తీయడానికి పరిగెత్తే మన పిల్లకాయలని మాత్రం మనమే ఆపాలి, దానికి అర్జీ అవసరం లేదు. పోయిన ఏడు తళి పక్క ఏనుగులు మా తోటలోకి తిరిగింది ముందునుంచి సెల్లు లైట్లు కొట్టినందుకే.

కోతలు కూడా. ఒకరు డిసెంబరులో కోసి, ఇంకొకరు సంక్రాంతి దాకా కుప్ప చేనులోనే వదిలేస్తే, ఏనుగులకి అన్నాళ్లూ భోజనం పెట్టినట్టే. ఊరంతా పది పదిహేను రోజుల లోపల కోసి, కుప్ప ఇంటి దగ్గరికి తెచ్చుకుంటే అవి వచ్చినా తినేది ఉండదు. ఒట్టి చేతులతో రెండు మూడుసార్లు తిరిగిపోతే అది కూడా అవి నేర్చుకునేదే కదా. కూలీలు దొరకరు, మిషను అందరికీ ఒకేసారి రాదు, తెలుసు. అందుకే కూర్చుని మాట్లాడాల్సింది.

కొత్త అర్జీ నకలు మా పాప రాసి పెట్టింది, తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి. శనివారం మధ్యాహ్నం మా షెడ్డు దగ్గరికి రండి. ఆ రోజు మా పురుగులు నాలుగో జ్వరంలో ఉంటాయి, మేత వేసే పని ఉండదు, తీరికగా మాట్లాడుకోవచ్చు. ఆదివారం అయితే కుదరదు, జ్వరం లేస్తాయి. పాత అర్జీలో సంతకం పెట్టినవాళ్లు కూడా రండి, తిట్టాలనుకున్నవాళ్లు కూడా రండి. చెప్పులు బయట వదిలి, సున్నం తొట్టిలో కాళ్లు పెట్టి రావాలి, అది మాత్రం మరవొద్దు.